బిడ్డ తలమీద చేయి

“లోపలికి రాను. ఈడే నిలబడి అడుగుతా, ఈడే నిలబడి వింటా. ఆ కాగితం వెనక్కి తీసుకుంటావా లేదా రామకృష్ణప్పా?”

మాబూబీ గడప అవతలే నిలబడిపోయింది. పన్నెండేళ్లుగా ఆ ఇంటికి వచ్చిందంటే నేరుగా వంటింట్లోకి పోయి, గిన్నె మీద మూత తీసి ఏం కూరో చూసే మనిషి. ఈరోజు చెప్పులు కూడా విడవలేదు. వెనక ఆమె కూతురు శిరీన్ తల వంచుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల ముక్కు ఎర్రబడింది.

రామకృష్ణ డ్యూటీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టు అతనిది. ఆదివారమైనా సెలవు లేదు. అప్పటికే ఒంటిగంట దాటింది.

“నేనేం ఉత్త పుణ్యానికి రాసియ్యలేదక్కా. మా ఈరేష్‌కు సెల్‌ఫోన్ల అంగడి ఉండాది, వానికి ఇయ్యన్నీ తెలుసు. ఆ దొంగ అకౌంటు తెరిచి, పాస్‌వర్డు మర్చిపోయినామని నొక్కినాడు. నంబరు చివర రెండంకెలు పడినాయి. నలభై ఏడు. నా కండ్లతో చూసినా. ఎవురి నంబరు చివర నలభై ఏడు ఉండాది, నువ్వే చెప్పు.”

“లోకంలో నలభై ఏడు నా బిడ్డ నంబరుకొక్కదానికే ఉండాదా?”

“మా కుమారి మనసులో మాటలన్నీ తెలిసిన నలభై ఏడు ఒకటే ఉండాది.”

మాబూబీ కూతురి వైపు తిరిగి చూసింది. శిరీన్ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఈ వారంలో ఎన్నోసారి ఊపిందో ఆ పిల్లకే తెలియదు.

ఏడు నెలలైంది ఈ పీడ మొదలై. ఇంటర్ రెండో ఏడు చదివే శివకుమారికి పేరూ ఊరూ లేని ఒక అకౌంటు నుంచి మెసేజ్‌లు రావడం మొదలైంది. మొదట్లో ‘క్లాసులో చంద్రతో నవ్వులేంది?’ లాంటివి. ఆ చంద్రకూ రెండు మూడు వచ్చాయి. అతను భయపడి ప్రొద్దుటూరు కాలేజీకి మారిపోయాడు. అంతటితో ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. ‘అద్దంలో మొహం చూసుకున్నావా?’, ‘నీ వెనక అందరూ నవ్వుతాండారు.’ పోయిన నెలలో ఒకరోజు, ‘నువ్వు చచ్చినా ఏడ్చేవాళ్లు లేరు’ అని వచ్చింది. ఆ రోజు నుంచి కుమారి పెట్టిన బువ్వలో సగం కూడా తినడం లేదు.

రామకృష్ణ కాలేజీలో శిరీన్ పేరు రాసి ఫిర్యాదు కాగితం ఇచ్చాడు. రేపు పొద్దున ప్రిన్సిపాలు ఇద్దరు తండ్రులనూ రమ్మన్నాడు. ఎల్లుండి నుంచి ప్రాక్టికల్స్. రేపు నలుగురిలో తలవంపులైతే పిల్లను చదువు మాన్పించి గుంతకల్లులో అక్క దగ్గరికి పంపేస్తానని శిరీన్ తండ్రి అబ్దుల్ కరీం ఖరాఖండిగా చెప్పేశాడు. ఆయన ఒకసారి అన్నాడంటే అన్నట్టే.

వంటింటి గుమ్మంలో నిలబడి రమణి ఇదంతా వింటోంది. రమణి కుమారి తల్లి. ఆ మెసేజ్‌లు పంపింది ఆమే.

ఈ సంగతి ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. మనకూ తెలుసు కాబట్టి ఆమె మొహం చూడడం మనకు కష్టంగా ఉంది.

దుర్మార్గురాలని ఒక్క మాటలో తేల్చేస్తే ప్రాణానికి హాయిగానే ఉంటుంది. కానీ జరిగింది అంత సులువుగా తేలేది కాదు. కాలేజీలో చేరాక కుమారి తల్లితో మాట్లాడటం మానేసింది. తలుపు వేసుకుని ఫోను చూసుకోవడం, అడిగితే ‘ఏం లేదులే’ అనడం. చంద్ర పేరు ఒకసారి చెవిన పడింది. రెండు మెసేజ్‌లు పెట్టి భయపెడదాం, దారికొస్తుంది అనుకుంది రమణి. రెండోది పెట్టిన సాయంత్రం కుమారి వచ్చి కుట్టు మిషను పక్కన చతికిలబడి, తల్లి మోకాలి మీద తల పెట్టి, “అమ్మా, నాకు భయమైతాంది” అని ఏడ్చింది. ఏడాది తర్వాత బిడ్డ తల తన ఒళ్లోకి వచ్చింది. మళ్లీ రావాలంటే మూడో మెసేజ్ పెట్టాల్సి వచ్చింది. తర్వాత నాలుగోది. ఈ తల్లి మీద నాకు జాలీ ఉంది, కోపమూ ఉంది. కోపమే ఎక్కువ.

“చిన్నాయనా, నేను పంపలేదు,” అంది శిరీన్. “నా ఫోను మొత్తం మీ ఈరేషన్న చేతికిచ్చినా. ఏమన్నా దొరికిందా?”

“చెరిపేసింటావు. ఈ కాలం పిల్లోల్లకు అది పెద్ద పనా?”

“కుమారిని పిలువు. దాన్నే అడుగుతా,” అంది శిరీన్.

పిలవనక్కర్లేకపోయింది. మధ్య గదిలోంచి కుమారి తనే వచ్చింది. జుట్టు నున్నగా దువ్వి జడ వేసి ఉంది. పొద్దున తల్లి వేసిన జడ. ఒకప్పుడు పిడికిట్లో పట్టనిది ఇప్పుడు వేలి లావు అయింది. ఇద్దరు స్నేహితురాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీధిలో ఫ్యాక్టరీకి బూడిద తోలే లారీ పోయింది.

“నువ్వు కూడా నమ్ముతాండావా మే?” అని శిరీన్ అడిగింది.

“కాలేజీ బాత్రూంలో గడియ పెట్టుకోని ఏడ్చినానని ఎవురికి తెలుసు? సాయంత్రమే దాని మీద మెసేజ్ వచ్చింది. నీకొక్కదానికే చెప్పినా.”

“నాకొక్కదానికేనా? బాగా గుర్తు తెచ్చుకో.”

“నీకు.” కుమారి ఆగింది. “ఇంటికొచ్చి అమ్మకు చెప్పినా. అంతే.”

“మరింకేం?” అన్నాడు రామకృష్ణ, తీర్పు చెప్పేసినట్టుగా. అమ్మను లెక్కలోకి తీసుకునేవాళ్లు ఎవరుంటారు? రామకృష్ణ తీసుకోలేదు. మాబూబీ కూడా తీసుకోలేదు. రమణి మాత్రం గుమ్మం పట్టుకున్న చేతిని వదిలి కొంగుతో తుడుచుకుంది.

“ఇంక పోనీండి,” అంది రమణి. గొంతు మామూలుగానే వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది. “ఏమయ్యా, ఆ కాగితం వెనక్కి తీసుకో. ఆడపిల్ల చదువు చెడగొట్టిన పాపం మనకెందుకు? ఇంక మెసేజ్‌లు రావులే.”

“రావని నీకెట్ల తెలుసు?” అని రామకృష్ణ విసుక్కున్నాడు.

“అంటే, ఇంత గొడవైనాక ఎవురు పంపుతారు?”

“ఆ మాటే మాకొద్దు చెల్లె!” మాబూబీ గొంతు పెరిగింది. “జాలిపడి వదిలేసినామంటే నా బిడ్డ చేసినట్లే అయితాది. చెయ్యలేదని తేల్చి, కాగితం తీసుకోండి. లేకుంటే మా ఆయన వినడు.”

అప్పటిదాకా మూలన మంచం మీద కూర్చుని వక్క నములుతున్న గిడ్డమ్మ నోరు ఖాళీ చేసుకుంది. రామకృష్ణ తల్లి ఆమె. ఆదోని పక్క పల్లెటూరి మనిషి. కొడుకు దగ్గరికని ఎర్రగుంట్లకు వచ్చి పదేళ్లయినా ఇక్కడి వాళ్లకు ఏదీ సరిగా చేయడం రాదని ఆమె అభిప్రాయం.

“ఫోన్లూ అంకెలూ నాకు తెల్వదు. మా ఊర్లో ఇట్లాంటి తగువు వస్తే గంటలో తేలిపోతుండె. కర్పూరం ఎలిగించి, బిడ్డ నెత్తి మీద సెయ్యి పెట్టి, ‘నేను సెయ్యలే’ అని అరసేత్తో ఆర్పల్ల. తప్పు సేసినోడు ఆర్పడు. ఆర్పినా బాగుపడడు.”

“మేం కర్పూరం ఆర్పము గదా అవ్వా,” అంది మాబూబీ. “రేపు తెల్లారి మొదటి బస్సుకు నా బిడ్డను కడప దర్గాకు తీసకపోతా. ఆడ చెయ్యి పెట్టి చెప్తాది. నా ఒక్క బిడ్డ నెత్తిన నేనూ చెయ్యి పెట్టి చెప్తా. చాలునా?”

“సాలు,” అంది గిడ్డమ్మ గంభీరంగా.

“మరి మీరు?”

“మేమా? మాకెందుకు?”

“మాటలు తెలిసినోళ్లు ఇద్దరే అని మీ పాపే చెప్పింది గదా. ఒకటి నా బిడ్డ, రెండోది మీ ఇల్లు. మేం ప్రమాణం చేస్తే మీరు కూడా చెయ్యాల. మీ ఇంట్లోంచి పోలేదని చెప్పండి. ఇద్దరం సమానంగా ఉంటాం.”

మాబూబీ ఆ మాట ఏ అనుమానంతోనూ అనలేదు. పౌరుషానికి అంది. గిడ్డమ్మ కూడా పౌరుషానికే లేచింది.

“సేస్తాం లేమ్మా. మాకేం బయమా? రమణీ, కర్పూరం తే. కన్నతల్లివి, నువ్వే ఆర్పు. మొగోడు డ్యూటీకి పోతాడు, ఇంట్లో జరిగేది వానికేం తెలుస్తాది.”

రమణి కదల్లేదు.

“కర్పూరం అయిపోయినాది అత్తా.”

“యాడ అయిపోయినాది? శుక్రవారం పొట్లం తెప్పించినా గదా. దేవుని గూట్లో చూడు.”

ప్రమాణం అంటే రమణికి ఆటకాదు. కొత్త కోడలిగా ఆదోని పక్కకు పోయిన ఏడాదే చూసింది. గొర్రెపిల్లను దొంగిలించలేదని బొజ్జన్న అనేవాడు కొడుకు తలమీద చేయి పెట్టి కర్పూరం ఆర్పాడు. నెల తిరగకముందే ఆ కొడుకు పోయాడు. ఆ పిల్లవాడికి వచ్చింది జ్వరమే కావచ్చు, దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు. కానీ ఆ తల్లి వీధిలో పడి పొర్లి ఏడ్చిన ఏడుపు రమణి చెవుల్లోంచి ఈ రోజుకీ పోలేదు. నోటికొచ్చిన అబద్ధమల్లా ఏడు నెలలుగా ఆడింది, మొగుడితో ఆడింది, బిడ్డతో ఆడింది. ఇది మాత్రం ఆడలేకపోతోంది. ఆడితే బిడ్డ ఉండదని ఆమె నమ్మకం.

గూట్లో చేయి పెట్టి ఎంతసేపు వెతికినా పొట్లం పోదు కదా. దొరికింది.

“చిన్నమ్మా,” అని శిరీన్ పిలిచింది. ఏదో గుర్తొచ్చి ఆ పిల్ల కళ్లు చిట్లించుకుంది. “నీ బ్లౌజుల పేజీ ఒకటి పెట్టిస్తిమి గదా నీ ఫోన్లో? పోయిన ఏడు. డిజైన్ల ఫొటోలు పెట్టేదానికి.”

రమణి చేతిలో పొట్లం నలిగింది.

“అప్పుడు నీ సిమ్ముకు ఓటీపీ రాలేదు. నువ్వే అంటివి, నీ నంబరే ఇచ్చెయ్ పాపా అని. నా నంబరు నా అకౌంటుకు గాక ఇంకొకచోట ఇచ్చింది అదొక్కటే.”

“ఇప్పుడు బ్లౌజుల మాటెందుకమ్మా మధ్యలో? నాకు షిఫ్టుకు టైమైతాంది,” అన్నాడు రామకృష్ణ.

“అది కాదు చిన్నాయనా. అదే ఫోన్లో ఇంకొక అకౌంటు తెరిస్తే, దానికి కూడా నా నంబరే...”

“ఆ పేజీ ఎప్పుడో పోయింది శిరీన్,” అంది రమణి గబగబా. “పండగ ముందరే తీసేసినా. నాకు యాడ తీరిక?”

కుమారి అప్పుడు తలెత్తింది.

పేజీ పోలేదు. పోయిన ఆదివారమే ఆకుపచ్చ పట్టు బ్లౌజుకు అద్దాలు కుట్టి, ఫొటో తీసి, పేజీలో పెట్టి, “బాగుందా పాపా?” అని రమణి కూతురికి చూపించింది. కుమారి దానికి గుండె బొమ్మ కూడా నొక్కింది. ఎవరూ అడగని అబద్ధం అమ్మ ఎందుకు చెప్పింది?

ఆ పిల్ల చదువుకున్నది. ఒకటి తెలిస్తే మిగతావి వరసగా వచ్చి కూర్చుంటాయి. బాత్రూం సంగతి అమ్మకు చెప్పినా. చంద్ర సంగతి అమ్మ అడిగింది. జుట్టు ఊడుతాందని అమ్మే నూనె రాసింది, రెండు రోజులకు ‘బోడిదానివి అయితాండావు’ అని వచ్చింది. ‘నువ్వు చచ్చినా ఏడ్చేవాళ్లు లేరు’ అని వచ్చిన సాయంత్రం అమ్మ తనను ఒళ్లో వేసుకుని, “నేను లేనా? నాకు నువ్వు, నీకు నేను” అని వీపు నిమిరింది.

కుమారి గోడకు ఆనుకుంది.

“రా పాపా, ఈడ కూసో,” అంది గిడ్డమ్మ. ఇత్తడి పళ్లెంలో కర్పూరం బిళ్ల పెట్టి అప్పటికే అగ్గిపుల్ల గీసింది. తెల్లటి మంట లేచింది. “రమణీ, ఎడమసెయ్యి పాప నెత్తి మీద పెట్టు. కుడిసేత్తో ఆర్పు. ‘ఈ ఇంట్లోంచి ఆ మాటలు పోలే’ అను. అంతే.”

కుమారి వచ్చి పళ్లెం ముందు కూర్చుంది. రమణి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేయి పెట్టింది.

“అను,” అంది గిడ్డమ్మ.

“ఈ ఇంట్లోంచి...”

రమణి కుడిచేయి మంట దాకా పోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

“సెయ్యి కాలుతాదా? చటుక్కున పెడితే ఏం కాదు.”

“ఈ ఇంట్లోంచి ఆ...”

మళ్లీ ఆగింది. ఆమె నుదుటి మీద చెమట ఒక్కటే ధారగా దిగుతోంది. రామకృష్ణకు మొదట చిరాకు వేసింది. తర్వాత అతని మొహంలో చిరాకు పోయి ఇంకేదో రాసాగింది. భార్య చేతినే చూస్తూ, “ఏమైంది రమణీ?” అన్నాడు మెల్లగా. బయట మాబూబీ కూడా ఒక అడుగు ముందుకు వేసింది.

కర్పూరం సగం కరిగింది.

ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే అందరికీ తెలిసిపోయేది. తెలిసిపోవాలనే నాకూ ఉంది, మీకూ ఉంది. కానీ కుమారి ఆ నిమిషం ఉండనివ్వలేదు. తన అరచేయి తీసి మంట మీద పెట్టి అదిమింది.

“నేనే పంపుకున్నా.”

గదిలో కర్పూరం పొగ నిండింది.

“ఏంది?” అన్నాడు రామకృష్ణ.

“నాకు నేనే పంపుకున్నా నాయనా. అమ్మ బ్లౌజుల పేజీ ఉండాదే, ఆ ఫోన్లోంచే. అందుకే శిరీన్ నంబరు పడింది. శిరీన్‌కు ఏం సంబంధం లేదు. రేపు ఆ కాగితం తీసుకో.”

“అబద్ధం!” శిరీన్ అరిచింది. “ఎందుకు మే అబద్ధం చెప్తావు? నువ్వెంత ఏడ్చినావో నాకు తెల్దా?”

“నీకు తెల్దు. గమ్మునుండు.”

రామకృష్ణ చేయి లేచింది. కొట్టలేదు. ఎత్తిన చేయిని ఏం చేయాలో తెలియక తన తలకే కొట్టుకున్నాడు. “ఎందుకే? ఎందుకు? ఏం తక్కువ చేసినామే నీకు?”

కుమారి తల తిప్పి తల్లి మొహంలోకి చూసింది. తల్లి ఎడమచేయి ఇంకా ఆ పిల్ల తలమీదే ఉంది.

“నువ్వు చెప్పమ్మా. నేనే కదా పంపుకున్నది?”

బిడ్డకు తెలిసిపోయిందని రమణికి ఆ చూపులో తెలిసిపోయింది. తన బదులు బిడ్డ తప్పుడు ప్రమాణం చేసిందని కూడా తెలిసింది. కాదు, నేను, అని ఒక్క మాట అంటే ఆ ప్రమాణం బిడ్డకు తగలదు. ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చింది కూడా. గిడ్డమ్మ చూస్తోంది. మొగుడు చూస్తున్నాడు. మాబూబీ చూస్తోంది. రేపు ఈ వీధి వీధంతా చూస్తుంది.

“పోనీలేండి,” అంది రమణి. కూతురి తల నిమిరింది. “చిన్నపిల్ల. తెలియక చేసింటాది.”

తల నిమురుతున్న ఆ చేతిని కుమారి మణికట్టు దగ్గర పట్టుకుంది. తీసి, తల్లి ఒళ్లో పెట్టింది. లేచి నిలబడి, కాలిన అరచేతిని ఇంకొక చేత్తో పట్టుకుని, వాకిట్లోకి నడిచింది.

“పెద్దమ్మా, పరీక్షలయ్యేదాకా నేను మీ ఇంట్లో ఉండొచ్చునా?”

మాబూబీ ఆ పిల్లను చూసింది. తర్వాత, లోపల పళ్లెం ముందు కూర్చున్న రమణిని, మంట ఆర్పలేకపోయిన ఆమె చేతిని చూసింది. “రా బిడ్డా,” అని కుమారిని దగ్గరికి తీసుకుంది.